జేబుచాకుల సేకరణ

జేబుచాకుల సేకరణ అనగా మడిచి జేబులో వేసుకొనగలిగిన చిన్న కత్తులను పనికోసం గాక, ఇష్టం కొద్దీ కొని, పోగుచేసి, భద్రపరచుకొనే అభిరుచి. తపాలా బిళ్ళలు, నాణేలు, కలాలు సేకరించడం వంటిదే ఇదీను. ఐరోపా, అమెరికా, జపాన్ దేశాలలో దీనికి పెద్ద సంఖ్యలో అనుచరులు ఉన్నారు. ఈ అభిరుచిలో పడినవారిని ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొనే ప్రశ్న ఒకటి ఉన్నది. చేతికి ఒదిగి, కంటికి నచ్చి, మనసు కోరిన చాకు ఒకటి దొరికిన తరువాత మరొకటి కొనాలనే తపన ఆగిపోతుందా? పనిముట్టు కోసం వెదికేవారి విషయంలో చాలవరకు ఆగుతుంది, సేకర్త విషయంలో సాధారణంగా ఆగదు అని చెప్పవచ్చును. కోరిక పైకి ఒకే రకంగా కనిపించినా ఈ ఇద్దరి కోరికలు ఒకటి కావు. తెలుగునాట దీనికి సాక్ష్యం చెప్పగల వ్యక్తి మూడవ సాలార్ జంగ్.

పేరు

తెలుగులో చిన్నకత్తిని చాకు అనీ, చురకత్తి అనీ అంటారు. చాకు అనే మాట పారశీకం నుండి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చినది. బాకు వేరు, చాకు వేరు. బాకు పొడవడానికి చేసిన ఆయుధం, దానికి ఒర ఉంటుంది. జేబుచాకుకు వేరే ఒర ఉండదు, దాని పిడియే దానికి ఒర. ఆంగ్లంలో దీనికి ఉన్న "పెన్ నైఫ్" అన్న పేరు పక్షి ఈకలతో వ్రాసే కాలం నాటిది. ఈక మొనను చెక్కుకొనడానికి వ్రాయసగాళ్ళు చిన్న కత్తిని దగ్గర ఉంచుకొనేవారు. మన దక్షిణ దేశంలో తాటాకుల మీద వ్రాసేవారికి కూడ ఇటువంటి అవసరమే ఉండేది. ఆకు అంచులను సరిచేసే చిన్న కత్తిని, అక్షరాలు గీసే గంటాన్ని ఒకే పిడిలోకి మడిచిన పనిముట్లు పురావస్తుశాలలలో కనిపిస్తాయి. తపాలా బిళ్ళలను జేబుచాకులతో పోల్చడం కంటె ఈ గంటంతో పోల్చడమే సబబు, ఎందుకనగా రెండూ మొదట పనిముట్లు, తరువాతనే ముచ్చట వస్తువులు.

పనిముట్టుగా చాకు

ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు వంటి పట్టణంలో కత్తి అంటే పని. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం, పక్కనున్న నూజివీడు వలెనే, మామిడితోటలకు పేరుపొందినది. ఇక్కడి ఇళ్ళలోను, తోటలలోను ఒక్కొక్క పనికి ఒక్కొక్క కత్తి ఉంటుంది. కూరగాయలకు కత్తిపీట, గడ్డికి కొడవలి, తాటిచెట్టుకు గీత కత్తి, పోకచెక్కలకు అడకత్తెర, ఆవకాయకు టెంకతో సహా కాయను నరకగల బరువైన కత్తి. ఆవకాయ ముక్కలు కొట్టే పనికి జేబుచాకు ఎందుకూ కొరగాదు. చిన్నరసం, పెద్దరసం మామిడిపండ్లకు కూడ చాకుతో పని లేదు, వాటిని పిసికి జుర్రుకొనడమే పద్ధతి. బంగినపల్లి పండు దగ్గర మాత్రం చాకు వెదకక తప్పదు.

ఇటువంటి వాడుకలో రెండవ కత్తికి చోటు ఉండదు. గీత కార్మికునికి తన చేతికి అలవాటు పడిన కత్తి అరిగిపోయేదాకా మరొకటి కావాలని అనిపించదు. అరిగిన తరువాత కూడ అటువంటిదే కావాలని కమ్మరి దగ్గరకు పోతాడు. తోటలో అంటుకట్టే మనిషీ అంతే. నచ్చిన కత్తి దొరకడంతో వీరి వెదుకులాట ముగుస్తుంది. "ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు" అన్న సామెతను మనుషుల మధ్య పోటీ గురించి చెబుతారు గాని, ఈ పనివాళ్ళ విషయంలో దానిని ఉన్నదున్నట్లుగానే అర్థం చేసుకోవచ్చును. సేకర్త ఇంట ఒక అర నిండా కత్తులు ఇముడుతాయి, ఇంకా చోటు మిగిలినట్లే ఉంటుంది.

చరిత్ర

మడత కత్తి చాల పాతది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ వద్ద క్రీస్తుకు పూర్వపు ఇనుపయుగానికి చెందిన ఎముక పిడి మడత కత్తి లభించినది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉన్న ఫిట్జ్‌విలియం మ్యూజియంలో రోమనుల కాలపు మడత పనిముట్టు ఒకటి ఉన్నది. దానిలో కత్తితో పాటు చెంచా, ముళ్ళగరిటె కూడ ఇమిడి ఉన్నాయి. స్ప్రింగు సాయంతో బ్లేడును నిలిపి ఉంచే చాకులను పదిహేడవ శతాబ్దం నుండి ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో పెద్దయెత్తున తయారుచేశారు.

నేటి సేకర్తలకు ప్రీతిపాత్రమైన రెండు చాకులు పంతొమ్మిదవ శతాబ్దపు చివరివి. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో కార్ఖానా స్థాపించి, 1891లో స్విస్ సైన్యానికి చాకులు సరఫరా చేయడం మొదలుపెట్టాడు. పలు పరికరాలు ఇమిడిన అతని "ఆఫీసరు చాకు" 1897లో నమోదైనది. ఎర్రని పిడి మీద తెల్లని శిలువ గుర్తుతో నేడు అందరికీ తెలిసిన విక్టోరినాక్స్ చాకు ఆ వంశానిదే. ఫ్రాన్సులోని సావోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో కొయ్యపిడితో అతి సాదా రైతుచాకును తయారుచేశాడు. మొదటిదానిలో అన్నీ ఉన్నాయి, రెండవదానిలో ఒక్క బ్లేడు తప్ప ఏమీ లేదు. రెండింటికీ వీరాభిమానులు ఉన్నారు. భారతదేశంలో ఉత్తర ప్రదేశ్‌లోని రాంపూర్ చాకులకు పేరుపొందినది. రాంపురీ చాకు హిందీ సినిమాలలోని రౌడీల చేతిలో పడి, పనిముట్టుగా ఉన్న మర్యాదను కొంత పోగొట్టుకున్నదనే చెప్పాలి.

కత్తికి ప్రాణం ఉక్కు. ఆ ఉక్కు విషయంలో తెలుగువారికి చెప్పుకొనదగిన చరిత్ర ఉన్నది. నిజామాబాదు ప్రాంతంలోని కోన సముద్రం గ్రామంలో మూసలలో కరగించి తయారుచేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఈ తరహా ఉక్కునే పాశ్చాత్యులు "వూట్జ్" అన్నారు. ఆ మాటకు మూలం దక్షిణాది భాషలలోని "ఉక్కు" అని పలువురు పండితుల అభిప్రాయం. అలల వంటి చారలు గల డమాస్కస్ కత్తులకు ఈ ఉక్కు ముడిసరుకు. నేడు సేకర్తలు "డమాస్కస్" పేరుతో అధిక ధర పెట్టి కొనే చాకులలో ఎక్కువ భాగం రెండు రకాల ఉక్కులను పొరలుగా అతికినవి. అవి చూడటానికి అందంగానే ఉంటాయి గాని కోన సముద్రపు మూస ఉక్కుతో వాటికి చుట్టరికం లేదు.

వరుసల ఆకర్షణ

సేకరణ ఆగకపోవడానికి ఒక కారణం వస్తువులోనే ఉన్నది. తయారీదారులు చాకులను విడివిడిగా గాక వరుసలుగా చేస్తారు. ఒపినెల్ 1897లో తన చాకులను పరిమాణాన్ని బట్టి 1 నుండి 12 వరకు అంకెలు వేసి అమ్మాడు. 1935లో 1, 11 సంఖ్యల చాకుల తయారీ నిలిపివేయబడినది. అంటే వాడుకకు 8వ నంబరు చాకు సరిపోతున్నా, సేకర్తకు వరుసలో రెండు ఖాళీలు కనిపిస్తూ ఉంటాయి. ఆ ఖాళీలే అతనిని తిప్పుతాయి. అమెరికాలోని కేస్ సంస్థ 1970 నుండి బ్లేడు మొదట్లో చుక్కలు ముద్రించి, ఏటా ఒక చుక్క తగ్గిస్తూ తయారైన సంవత్సరాన్ని సూచించే పద్ధతి ప్రవేశపెట్టినది. పది చుక్కల చాకుకూ తొమ్మిది చుక్కల చాకుకూ కోతలో తేడా లేదు. సేకర్తకు మాత్రం అవి రెండు వేరు వేరు వస్తువులు.

ఈ తృష్ణ ఒక్క కత్తిలోనే రూపుకట్టిన వింత ఒకటి ఉన్నది. షెఫీల్డులోని జోసెఫ్ రోడ్జర్స్ సంస్థ 1822లో, క్రీస్తు శకంలో ఏడాదికి ఒకటి చొప్పున, 1822 బ్లేడులతో ఒక మడత చాకును రూపొందించినది. ఆ తరువాత కూడ దానికి కొత్త బ్లేడులు చేరుస్తూ వచ్చారు. దేనిని కోయడానికీ పనికిరాని చాకు అది.

ఫ్రెంచి తాత్వికుడు జాన్ బొద్రియార్ 1968లో వెలువడిన తన గ్రంథంలో ఈ సంగతినే చర్చించాడు. సేకరణలో అన్నిటికన్న విలువైనది చేతిలో ఉన్న వస్తువు కాదు, ఇంకా దొరకని వస్తువు. వరుస పూర్తి అయితే సేకర్తగా తన పని ముగిసిపోతుంది గనుక, పూర్తి కావాలని కోరుకుంటూనే అతడు లోలోపల దానికి భయపడతాడని ఆయన వాదన. ఇది కొంత అతిగా తోచినా, చివరి చాకు దొరికిన మరునాడే కొత్త వరుస మొదలుపెట్టేవారిని చూసినప్పుడు కొట్టివేయడం కష్టం.

నచ్చిన చాకు దొరికిన తరువాత

"ఇదొక్కటీ దొరికితే చాలు" అనే మాట సేకర్తలు అబద్ధంగా చెప్పరు. ఆ క్షణంలో వారు దానిని నమ్ముతారు. ఆ నమ్మకం ఎందుకు వమ్మవుతుందో వివరించడానికి మనస్తత్వ శాస్త్రంలో కొన్ని ఆధారాలు ఉన్నాయి.

అమెరికా శాస్త్రవేత్తలు కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ మెదడుపై చేసిన పరిశోధనలలో "కావాలనుకోవడం", "ఇష్టపడటం" అనేవి వేరు వేరు వ్యవస్థల పని అని ప్రతిపాదించారు. డోపమిన్ అనే రసాయనానికి మొదటిదానితో ఎక్కువ సంబంధం, రెండవదానితో తక్కువ. దీనిని చాకుకు అన్వయిస్తే ఇలా ఉంటుంది. జేబులోని చాకును చూసి సంతోషించడం ఇష్టం. అంగడి అద్దాల వెనుక ఉన్న చాకును చూసి నిలవలేకపోవడం కోరిక. నచ్చిన చాకు దొరకడం వలన ఇష్టం తీరుతుంది, కోరిక అలాగే ఉంటుంది, ఎందుకంటే దానికి ఆహారం వెదుకులాటే. ధరలు చూడటం, పోల్చడం, బేరమాడటం, ఎదురుచూడటం - ఇవన్నీ వస్తువు చేతికి వచ్చిన రోజుతో ముగుస్తాయి. మరునాడు మిగిలేది చాకు, లోపించేది వేట.

రెండవ కారణం వస్తువుల మధ్య పొందిక. ఫ్రెంచి రచయిత దెనీ దిదెరో 1769లో వ్రాసిన ఒక వ్యాసంలో తన అనుభవం చెప్పుకున్నాడు. ఇంట్లో వేసుకొనే ఖరీదైన కొత్త అంగీ ఒకటి వచ్చినది. దాని పక్కన పాత కుర్చీ, బల్ల, తెరలు వెలవెలపోయాయి. ఒక్కొక్కటే మార్చవలసి వచ్చినది. చివరకు పాత అంగీ కోసం విచారించాడు. గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త 1988లో దీనికి "దిదెరో ప్రభావం" అని పేరు పెట్టాడు. మంచి చాకు కొన్నవాడు దానికి తగిన సానరాయి, తోలు సంచి, పెట్టె కొంటాడు. పెట్టెలో ఆరు అరలు ఉంటే మిగిలిన అయిదు ఖాళీగా కనిపిస్తాయి.

నచ్చిన వస్తువు సేకరణకు ముగింపు కాకపోగా కొలబద్దగా మారడం కూడ ఉన్నది. మనస్తత్వ విశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ తండ్రి మరణించిన 1896 ప్రాంతంలో పురాతన శిల్పాలు కొనడం మొదలుపెట్టి, రెండు వేలకు పైగా వస్తువులు పోగుచేశాడు. వాటిలో చిన్న కంచు అథీనా విగ్రహం ఆయనకు ప్రాణం. 1938లో నాజీల బారినుండి వియన్నా విడిచిపోవలసి వచ్చినప్పుడు సేకరణ అంతా వెంట వస్తుందో రాదో తెలియని స్థితిలో, ముందుగా దాటించడానికి ఎంచుకున్నది దానినే. ఏది అన్నిటికన్న ప్రియమైనదో ఆయనకు తెలుసు. తెలిసినంత మాత్రాన మిగిలిన రెండు వేలూ అక్కరలేనివి కాలేదు.

సాలార్ జంగ్ ఉదాహరణ

హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియం జేబుచాకులకు సంబంధించినది కాదు. అయితే "ఒక్కటి దొరికితే చాలునా" అన్న ప్రశ్నకు తెలుగు దేశంలో ఇంతకంటె పెద్ద ప్రయోగశాల లేదు. ఇందులో కత్తుల పాత్ర కూడ ఉన్నది.

మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్ జంగ్, 1889 జూన్ 13న జన్మించాడు. నెల తిరగకుండానే తండ్రి మరణించాడు. అతని తాత మొదటి సాలార్ జంగ్ నిజాముకు దివానుగా ఉండి, 1876లో ఇటలీ వెళ్ళినప్పుడు రోమ్‌లో జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కిన "మేలిముసుగు రెబెక్కా" పాలరాతి విగ్రహాన్ని కొన్నాడు. నేటికీ మ్యూజియంకు వచ్చేవారు మొదట అడిగేది ఆ విగ్రహం ఎక్కడ అనే. కాబట్టి మనవడు పుట్టడానికి 13 సంవత్సరాల ముందే, ఈ సేకరణ మొత్తానికి కిరీటం వంటి వస్తువు ఇంట్లో ఉన్నది. మంచి వస్తువు దొరకడమే కోరికకు ముగింపు అయ్యేటట్లయితే మూడవ సాలార్ జంగ్ ఏమీ కొనకుండా ఉండవలసినది.

జరిగినది వేరు. 1912లో 23 ఏళ్ళ వయసులో నిజాముకు దివాను అయిన ఆయన 1914లో ఆ పదవిని వదులుకొని, తరువాతి 35 సంవత్సరాలు తన ఆదాయంలో పెద్ద భాగాన్ని కళావస్తువుల మీద వెచ్చించాడు. వివాహం చేసుకోలేదు. ఆయన నివాసమైన దివాన్ దేవిడీకి దేశదేశాల వర్తకులు వస్తువులు తెచ్చేవారు. విదేశాలలోని ప్రతినిధులు జాబితాలు పంపేవారు. అవి చాలక ఐరోపా, పశ్చిమాసియా ప్రయాణాలలో స్వయంగా కొనుగోలు చేశాడు. గడియారాలు, పింగాణీ, దంతపు పనితనం, చిత్రాలు, వ్రాతప్రతులు, ఆయుధాలు, బొమ్మలు - ఏదీ విడిచిపెట్టలేదు. మ్యూజియంలోని వస్తువుల సంఖ్య సుమారు 43,000 అని, వ్రాతప్రతులు 9,000 అని, అచ్చు పుస్తకాలు 47,000 అని చెబుతారు.

మ్యూజియంలోని జేడ్ శిలా వస్తువుల విభాగంలో రత్నాలు పొదిగిన రెండు కత్తులు ప్రసిద్ధమైనవి. ఒకటి మొగలు చక్రవర్తి జహంగీరుదిగా చెప్పబడే బాకు. రెండవది ఆయన రాణి నూర్జహాన్‌దిగా చెప్పబడే, పండ్లు కోసుకొనే చిన్న కత్తి. రెండవది ఈ వ్యాసానికి దగ్గర బంధువు. అది మడత చాకు కాదు గాని, యుద్ధానికి గాక పండుకోసం చేసినది, ఒక వ్యక్తి చేతికోసం చేసినది. చాకుల సేకర్త ఎవరైనా ఇంతకంటె గొప్ప చాకును కలలో కూడ కోరలేడు. అటువంటిది ఉన్న ఇంటికి కూడ వర్తకుల రాకపోకలు ఆగలేదు.

దీనికి మూల్యం ఉన్నది. 1949 మార్చి 2న సాలార్ జంగ్ మరణించే నాటికి వస్తువులు పలు భవనాలలో చెదిరి ఉన్నాయి. సంతానం లేదు. జీవితమంతా కూర్చిన సంపద వారసుల మధ్య ముక్కలై అంగళ్ళకు చేరే ప్రమాదం ఏర్పడినది. అప్పటి హైదరాబాదు పాలనాధిపతి ఎం.కె. వెల్లోడి చొరవతో కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్ వస్తువులను క్రమపరచగా, 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1958 డిసెంబరులో హైకోర్టు డిక్రీ ఆధారంగా జరిగిన రాజీ ఒప్పందంతో వారసులు సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా ఇది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయినది. 1968లో మూసీనది దక్షిణపు ఒడ్డునున్న ప్రస్తుత భవనానికి మారినది. ఒక మనిషి ఆపుకోలేని కోరిక ఇలా ప్రజల సొత్తు కావడం అరుదు. సామాన్య సేకర్త ఇంటి అరలోని చాకులను కాపాడటానికి పార్లమెంటు చట్టం చేయదు.

సేకరణ ఎప్పుడు ఆగుతుంది

సేకరణలు ఆగడానికి కారణాలు ఎక్కువగా వస్తువుకు బయట ఉంటాయి. డబ్బు చాలకపోవడం, ఇంట్లో చోటు లేకపోవడం, కుటుంబంలో మాటలు రావడం, చూపు మందగించడం, మరొక అభిరుచి తగలడం. జీతంలో భాగం ప్రతి నెలా దీనికే పోతున్నా, కొన్నదానిని దాచి చెప్పవలసి వస్తున్నా దానిని కాలక్షేపం అనడం కష్టం.

కొందరు హద్దు ముందే గీసుకుంటారు. ఒపినెల్ చాకులలో సాధారణ కార్బన్ ఉక్కు వరుస మాత్రమే చాలునని నిర్ణయించుకున్నవారికి ఆ పని కొద్ది చాకులతో ముగుస్తుంది. తరువాత తుప్పుపట్టని ఉక్కు వరుస వైపు చూడకుండా ఉండటమే అసలు పరీక్ష. మరికొందరు ఒకటి కొంటే ఒకటి అమ్మాలి, లేదా ఎవరికైనా ఇవ్వాలి అనే నియమం పెట్టుకుంటారు. ఈ నియమం వలన కొనే ముందు "దీనికోసం దేనిని వదులుకోగలను" అన్న ప్రశ్న వస్తుంది. నచ్చిన చాకు నిజంగా ఉపయోగపడేది ఇక్కడనే. దానిని ఎన్నటికీ వదులుకోరు గనుక, మిగిలినవాటిలో ఏవి వదులుకోదగినవో అది చూపిస్తుంది. రోజూ అదే చాకును వాడేవారిలో కొనుగోళ్ళు క్రమంగా తగ్గవచ్చును. సాన పట్టి, నూనె వేసి, పండు కోసి, పెన్సిలు చెక్కి వాడిన చాకు మీద మరకలు, గీతలు పడతాయి. అంగడిలోని కొత్త చాకుకు అవి ఉండవు.

చట్టం, ఆచారం

భారతదేశపు ఆయుధ నిబంధనలలో 9 అంగుళాల కంటె పొడవు లేదా 2 అంగుళాల కంటె వెడల్పు బ్లేడు గల కత్తులను ఆయుధాలుగా పరిగణిస్తారు. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉన్నది. సాధారణ జేబుచాకు ఈ కొలతకు చాల తక్కువే. అయినా విమానంలోకి చేతిసంచిలో తీసుకుపోరాదు. విదేశాలనుండి చుట్టాలు తెచ్చే స్విస్ చాకులు పెద్దపెట్టెలో ప్రయాణించేది అందువలననే.

చాకును కానుకగా ఇవ్వడంపై ఐరోపాలో ఒక పట్టింపు ఉన్నది. కత్తి స్నేహాన్ని కోస్తుందని నమ్మి, పుచ్చుకున్నవారు తిరిగి ఒక నాణెం ఇచ్చి దానిని కొనుగోలుగా మారుస్తారు. తెలుగు ఇళ్ళలో చాలచోట్ల కత్తిని చేతినుండి చేతికి అందివ్వరు. కింద పెడతారు, అవతలివారు తీసుకుంటారు.